ఆగిన చోట్లు రాసుకున్న మనిషి

మా కంప్యూటర్ల భాయ్ చనిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు మా ఇంటాయన బండ మీద అతికించిన కాగితాన్ని తడిగుడ్డతో అదుముతున్నాడు. ఫోన్ ఎత్తింది నేను. కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే గుండె ఆగిందట. ఫోన్ తీసుకెళ్లి ఆయన చెవికి ఆనించాను. నాకు అన్నిటికీ భయమే. వాన వస్తే భయం, రాకపోతే భయం. గ్యాసు కట్టేశానో లేదో అని బజారు దాకా పోయి తిరిగొస్తాను. ఇన్ని భయాలు మోసేదాన్ని, ఆ మనిషి పోతాడేమోనని మాత్రం ఒక్కసారీ భయపడలేదు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

మీలో చాలామందికి అతను తెలియదు. మా బేతంచెర్లలో స్టేషన్‌కు పోయే దారిలో వాళ్లమ్మ గాజుల అంగడి ఉంది. దానికి ఒక పక్క చెక్క అడ్డం పెట్టుకుని కంప్యూటర్లు బాగుచేసేవాడు. కుర్చీలు రెండే. ఒకటి వచ్చినవాళ్లకు, ఒకటి పాడైన కంప్యూటర్‌కు. అతను నిలబడే ఉండేవాడు.

మా పని కూడా చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. బండల మీద పేర్లు చెక్కడం మా బతుకు. సమాధి రాళ్లు, ఇంటి పేర్లు, బడికి గది కట్టించినవాళ్ల పేర్లు. ఇంతకుముందు మా ఇంటాయనే కుంచెతో అక్షరాలు గీసి, వాటి మీద ఉలి పెట్టేవాడు. ఆయనకు చూపు మందగించాక గీత వంకరపోవడం మొదలైంది. అందుకని అక్షరాలు నేను కంప్యూటర్‌లో పెట్టి, కాగితాల మీద ప్రింటు తీసి, మైదా గంజితో బండకు అతికిస్తాను. ఆయన కాగితం మీదుగానే చెక్కుతాడు. నేను చదివింది ఐదో తరగతి. రాయి మీద తప్పు పడితే తుడిచేది ఉండదు. నా భయాలన్నీ ఉత్తవి కావని ఇప్పుడైనా నమ్ముతారనుకుంటాను.

ఒకరోజు పొద్దున్నే తెర నల్లబడి, ఇంగ్లీషులో ఏదో రాసి కనబడింది. కంప్యూటర్‌ను దిండు మీద పెట్టుకుని, ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని భాయ్ దగ్గరికి పోయాను.

"ఏందో రాసి పెట్టిండాదప్పా. పోలీసులకు చెప్తామని రాసినారా?" అని అడిగాను.

అతను చదివి, నవ్వు ఆపుకున్నాడు. "పోలీసులు రారు పెద్దమ్మా. నీకు అమ్మినోడు కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ ఎక్కించినాడు. నువ్వు కొన్నావా లేదా అని ఇది అడుగుతాండాది. అడిగేది న్యాయమే గదా."

అసలుది కొనుక్కోవచ్చు, లేదంటే కొనే పనే లేనివి ఉన్నాయన్నాడు. గల్లా పెట్టె కింద నుంచి పెన్‌డ్రైవ్‌ల గుత్తి తీశాడు. బొటనవేలంత లేనివి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం. అన్నీ కంప్యూటర్‌ను నడిపించేవే, అన్నీ ఊరికే వచ్చేవేనట.

"ఊరికే ఎవురిస్తారప్పా? లోపల ఏం పెట్టినారో ఏమో."

"లోపల ఏముండాదో ఎవురైనా తెరిచి చూడొచ్చు. దాచిపెట్టలేదు."

"నాకు చూసేకి రాదు గదా."

"చూసేకి వచ్చినోళ్లు శానా మంది ఉండారు. వాళ్లు చూస్తాంటారు."

"వాళ్లు చూసినారని నీకెవురు చెప్పినారు?"

అతను తల గోక్కున్నాడు. "దానికి నా దగ్గర జవాబు లేదు పెద్దమ్మా. కొంతమంది చూసినారు, కొన్ని ఎవురూ చూసిండరు. నువ్వు మాత్రం ఇట్లనే అడుగుతానే ఉండు."

నాకు ఆ మాట నచ్చింది. నేను అడిగే ప్రశ్నలకు మా ఇంట్లో చిరాకుపడతారు, బంధువులు నవ్వుతారు. జవాబు లేదని ఒప్పుకున్నది ఇతనొక్కడే. అందుకే ఇంకోటి అడిగాను. ఇన్ని రకాలు ఎందుకు? అందరూ కలిసి ఒక్కటే మంచిది చేసి పెట్టవచ్చు కదా?

"ఒకాయనకు తెర మీద గుండీలు కిందుంటే ఇష్టం, ఇంకొకాయనకు పైనుంటే ఇష్టం. కొట్లాడుకోలేక ఎవురిది వాళ్లు చేసుకున్యారు. చేసుకున్యాక, కావాల్సినోళ్లు తీసుకోండని బయట పెట్టినారు. ఇన్ని ఉండేది మంచిదో చెడ్డదో నాక్కూడా తెలీదు. మనిషికి ఇన్ని చూపిస్తే తల తిరుగుతాది. ఒకటే చూపిస్తే, అది సరిపోకపోతే యాడికి పోవాల?"

ఆ మాట గురించి నేను ఇంటికి వచ్చి చాలా రోజులు ఆలోచించాను. ఎక్కడో ఎవరో, నన్ను ఎన్నడూ చూడనివాళ్లు, నేను ముట్టుకోబోయే గుండీ ఎక్కడ ఉండాలో కూర్చుని వాదించుకుని ఉంటారు కదా అనిపించేది. వాళ్ల ఇళ్లలో నాలాంటి ముసలివాళ్లు ఉంటారా? ఉంటే వాళ్లను అడిగారా?

భాయ్‌ది గాజుల ఇల్లు. చిన్నప్పుడు తల్లి వెంట ఆత్మకూరు దాకా ఊళ్లు తిరిగాడు. ఆమె దగ్గర నేనూ గాజులు వేయించుకున్నాను. ఫలానా సైజు అని మనం చెబితే వినేది కాదు. చెయ్యి పట్టుకుని, బొటనవేలి మొదలు నొక్కి చూసి, అప్పుడు గాజులు గుచ్చిన మలారంలోంచి గాజు తీసేది. తొడిగేటప్పుడు గాజు వైపు కాకుండా మన ముఖం వైపు చూసేది. నొప్పి మొదట ముఖంలో కనబడుతుందట.

కొడుకు కంప్యూటర్ల దగ్గర అదే పని చేసేవాడు. ఒక రంగు దారం పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు తగిలించేవాడు. అది లోపలిదాన్ని కదిలించకుండా, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. పీకేస్తే పాతది ఎప్పటిలాగే ఉంటుంది. నేను భయపడుతుంటే, "ముట్టుకో, కరవదు. నచ్చకపోతే పీకేద్దాం. పెండ్లేం కాదు గదా" అనేవాడు. తర్వాత రెండు చేతులూ చంకల్లో దాచుకుని నా పక్కన నిలబడేవాడు. ఎంత తడబడినా మౌసు మీద చెయ్యి వేసేవాడు కాదు.

"నువ్వే చేసి చూపీరాదప్పా" అంటే, "నేను ముట్టుకుంటే నా చెయ్యి నేర్చుకుంటాది. నీది యాడ నేర్చుకుంటాది?" అనేవాడు.

తెర వైపు చూసేవాడు కాదు. నా ముఖమే చూసేవాడు. బాగుందా అని ఒక్కసారీ అడగలేదు. "యాడ ఆగిపోయినావు?" అని అడిగి, ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు.

నేను అడుగడుగునా ఆగే మనిషిని. ఆ బుక్కులో నా పేజీలే ఎక్కువ. ఎర్ర దారంది చూడ్డానికి ముద్దుగా ఉండేది కానీ మా పాత కంప్యూటర్ ఫ్యాను బండల లారీ గుట్ట ఎక్కుతున్నట్టు మోత మోగింది. ఆకుపచ్చది చురుకైనది. అక్షరాలు మాత్రం చీమలు. నీలం దారంది తగిలించిన పూటే పీకించేశాను. ఒక పని తెరిచి ఇంకొకటి తెరిస్తే మొదటిది మాయమైపోయింది. చేసిందంతా పోయిందని నేను చెమటలు పట్టి లేచి నిలబడ్డాను. పసుపు దారంది నాకు అలవాటైన పాతదానిలాగే ఉంది. రెండుసార్లు నొక్కే పనులన్నీ ఒక్క నొక్కుకు మార్చాడు, బాణం గుర్తును పెద్దది చేశాడు. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు నొక్కాల్సిన బటన్ నాకు గుర్తుండదని, నా పర్సులోని బొట్టుబిళ్లల అట్ట అడిగి, ఒకటి తీసి దాని మీద అంటించాడు.

ఇదంతా తేలడానికి చాన్నాళ్లు పట్టింది. ఒకరోజు మా ఇంటాయన వచ్చి ఎగతాళి చేశాడు. "ఏమప్పా భాయ్, ఊరికే వచ్చేదాంట్లో ఒకటి తీసుకునేకి ఈమె ఇన్ని దినాలు చేస్తాంది. నన్ను పెండ్లి చేసుకునేకి కూడా ఇంతసేపు చూసిండదు."

"చూడలేదు గాబట్టే నీకు పెండ్లయింది పెద్దనాయనా" అన్నాడు భాయ్, తల ఎత్తకుండా. పక్క అంగట్లో వాళ్లమ్మ గాజుల పెట్టె మీద చెయ్యి వేసుకుని పడీపడీ నవ్వింది.

ఇంగ్లీషు రాదు కదా అని అన్నీ తెలుగులో వచ్చేట్టు పెట్టించుకున్నాను. చూస్తే ఆ తెలుగు నాకు ఇంగ్లీషు కంటే కష్టంగా ఉంది. దస్త్రం అని ఒకటి, నిష్క్రమించు అని ఒకటి. "దస్త్రమంటే తాసిల్దారాఫీసులో ఉండేది గదా, మన ఇంట్లోకి ఎందుకొచ్చింది?" అని అడిగాను. భాయ్ అది కూడా రాసుకున్నాడు. ఎవరో ఓపిక చేసుకుని, కూలి లేకుండా, తెలుగువాళ్ల కోసం ఆ మాటలన్నీ రాశారట. వాళ్లకు తప్పు పట్టకుండా, ఫలానా చోట ఒక పెద్దమ్మ ఆగిపోయిందని చెబుతూ జాబు పంపాడు. బదులు వచ్చిందో లేదో నేను అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

పసుపు దారంది కుదిరిందని ధైర్యంగా ఉన్నానా, అప్పుడే పెద్ద తప్పు జరిగింది. మైదుకూరు దగ్గర నుంచి ఒక రైతు తన తల్లి సమాధికి రాయి చెప్పాడు. నేను అంచు గీతతో సహా కాగితాలు తీసి వరుసగా అతికించాను. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, బండ కోసేవాళ్లు టేపు పట్టరు. కాగితం అంచు ఎక్కడుంటే అక్కడ కోస్తారు. కాగితం నా చేతి నుంచి వచ్చిందంటే కొలత సరిగ్గా ఉందనే లెక్క. చెక్కాం, కోశాం, పంపాం. రెండో రోజు ఆ రైతు తిరిగొచ్చాడు. రాయి కట్టిన గద్దె కంటే నాలుగు వేళ్లు తక్కువ వచ్చిందట. ఆయన ఒక్క దురుసు మాట అనలేదు. "మాయమ్మకు సాలకుండా పోయిందమ్మా" అన్నాడంతే. నేను మూడు రోజులు అన్నం ముట్టలేదు.

భాయ్ వచ్చి, కాగితాన్నీ బండనూ పక్కపక్కన పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. కొత్తదాంట్లో ప్రింటు తీసేచోట, బొమ్మను కాగితంలో పట్టేట్టు తగ్గించే గుర్తు దానంతట అదే పెట్టి ఉంది. ప్రతి కాగితమూ కాస్త కాస్త తగ్గి వచ్చింది. నేను ఎక్కడా ఆగలేదు, అందుకే ఎవరికీ తెలియలేదు.

"తప్పు నాది పెద్దమ్మా. నీ పక్కన అన్నీ చూసినా, ప్రింటు తీసేది చూడలే. చెయ్యి చూడకుండా తొడిగినట్ల అయింది" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "మనిషి ఆగిన చోటే కష్టమనుకుంటి. ఆగకుండా పోయిన చోటు గూడా చూడాల."

ఆ రైతుకు కొత్త రాయి చేసి పంపేదాకా భాయ్ మా ఇంట్లోనే ప్రింటర్ పక్కన కూర్చున్నాడు. ప్రతి కాగితం అంచు వెంట పది అంగుళాల గీత ఒకటి పడేట్టు పెట్టాడు. స్కేలు ఆనించి, గీత పది అంగుళాలు ఉంటేనే ఆ కాగితాన్ని బండకు అతికించాలి. అప్పటి నుంచి ఒక్క రాయి కూడా తిరిగి రాలేదు.

అలాంటి మనిషి పోయాడు.

మూడో రోజు జియారత్ అయిన మర్నాడు అతని తల్లి కబురు పెడితే పోయాను. నలభయ్యో రోజు లోపల కొడుకు పేరు రాయి నిలబెట్టాలని ఆమె కోరిక. మసీదు హజ్రత్‌గారు పేరూ ఊరూ చాలు, ఇంకేం వద్దన్నారట.

"ఉర్దూలో ఉండాల, తెలుగులోనూ ఉండాల" అంది ఆమె. "ఉర్దూ మా పెద్దోళ్ల కోసం. ఊర్లో సదివేది తెలుగే గదా. కంప్యూటర్ ఎత్తుకోని వచ్చినోళ్లందరికీ వాడు ఈడ ఉండాడని తెలియాల."

"నాకే ఉర్దూ సదివేకి రాదు పెద్దమ్మా" అంది తెర చాటు నుంచి అతని భార్య. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో ఉంది, గడప దాటకూడదు. "ఆయన పేరు నేను సదువుకోవాలంటే తెలుగే."

సరేనన్నాను. ఉర్దూలో నాకు ఒక్క అక్షరం తెలియదు. హజ్రత్‌గారు కాగితం మీద రాసిస్తే, వాళ్ల బంధువు ఒకరు ఫోన్‌లో కొట్టి పంపారు. దాన్ని నా పసుపు దారం దాంట్లో పెట్టి ప్రింటు తీసి తీసుకుపోయాను. హజ్రత్‌గారు చాలాసేపు చూశారు.

"అక్షరాలు ఇవే అమ్మా. కానీ ఒకదాన్నొకటి పట్టుకోలేదు. విడివిడిగా నిలబడినాయి, అదీ ఎడమ నుంచి. మనిషి పేరు కాలేదు ఇది."

ఇంటికొచ్చి కూలబడ్డాను. ఏ దారంలో ఉర్దూ సరిగ్గా వస్తుందో అడగాల్సిన మనిషిదే ఆ పేరు. కర్నూలుకు పోయి ఎవరితోనైనా చేయించుకొస్తానన్నాడు మా ఇంటాయన. నేను వద్దన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. బయటివాళ్ల కాగితం కొలత తప్పితే? అది నా మామూలు భయం. దాని కింద ఇంకోటి ఉంది. వేల రాళ్లకు అక్షరాలు తీసినదాన్ని, నాకు ఆ పని నేర్పినవాడి రాయికి తీయలేనా అని.

అతని భార్య పెన్‌డ్రైవ్‌ల గుత్తినీ నోటుబుక్కునూ ఇచ్చి పంపింది. బుక్కు తెలుగులోనే ఉంది. బడిపిల్లల రాతలా గుండ్రటి అక్షరాలు. మా ఊళ్లో ఎవరెవరు ఎక్కడెక్కడ ఆగారో అన్నీ ఉన్నాయి. ఎరువుల అంగడాయన, రెండో పేజీలో ఆగాడు. కాలేజీ అమ్మాయి, ఎక్కడా ఆగలేదు, విసుక్కుంది. తిప్పుతూ పోతే ఒక చోట దొరికింది. "ఉర్దూ స్కూలు టీచరమ్మ. నీలం. అక్షరాలు కలిసినాయి. సంతోషపడింది."

నీలం! నేను చెమటలు పట్టి పీకించింది అదే. నా పేజీ వెతికాను. "పెద్దమ్మ. నీలం. తెరిచిన పని కనపడక ఆగింది. భయపడింది." దాని కింద వేరే రంగు పెన్నుతో, తర్వాతెప్పుడో రాసినట్టుంది. "ఎడమ పై మూల నొక్కితే తెరిచినవన్నీ కనపడతాయి. ఈసారి వస్తే చెప్పాల."

పసుపుది కుదిరాక నేను మళ్లీ నీలం అడగలేదు. అతనికి చెప్పే పని పడలేదు.

బొట్టుబిళ్ల బటన్ నొక్కి నీలం దారంది తెరిచాను. మొదటి పని తెరిచాను, రెండోది తెరిచాను. మొదటిది మాయమైంది. ఎడమ పై మూలకు బాణాన్ని తోసి నొక్కాను. తెరిచినవన్నీ చిన్న చిన్న పటాలుగా ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఏదీ పోలేదు. ఇంతకాలం నన్ను భయపెట్టింది ఇదేనా అనిపించింది. అక్కడి నుంచి ఇంకో మూడు చోట్ల ఆగాను. మా ప్రింటర్‌ను అది గుర్తుపట్టడానికే ఒక పూట పట్టింది. అది దాటాక బుక్కు తీసి, అతని రాత కింద నా రాతతో రాశాను. "ప్రింటర్ దగ్గర ఆగాను. వైరు తీసి మళ్లీ పెడితే కనపడింది." తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

కాగితాలు తీసుకుని మసీదుకు పోయాను. హజ్రత్‌గారు అరుగు మీద పరిచి, కుడి నుంచి వేలితో జరుపుకుంటూ పోయారు. నాకు ఆ గీతలు తెలియవు కాబట్టి ఆయన పెదాలు చూస్తూ నిలబడ్డాను. పెదాల మీద భాయ్ పేరు వచ్చింది. అది చాలు నాకు.

అక్కడి నుంచి వాళ్లింటికి. రాతి మీదికి పోయే ముందు ఇంట్లోవాళ్లు చూడాలి కదా. నడవలో బండల మీద ఎనిమిది కాగితాలూ వరుసగా పరిచాను. పైన ఉర్దూ, కింద తెలుగు. తల్లి గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. భార్య తెర తీసి వచ్చి, తెలుగు వరుస దగ్గర వంగి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. మా ఇంటాయన టేపు తీసుకుని వెనకాలే వస్తానన్నాడు, ఇంకా రాలేదు. అంతలో వాకిట్లోంచి గాలి తోసుకొచ్చింది. కాగితాలు ఒక్కసారిగా లేచాయి. ముగ్గురం ఒకేసారి ముందుకు పడి వాటిని అదిమి పట్టుకున్నాం. తెలుగు వరుస మీద భార్య అరచేతులు, ఉర్దూ వరుస మీద తల్లి అరచేతులు, మధ్యలో అతుకుల మీద నావి. గాలి ఆగలేదు. కాగితాల అంచులు మా వేళ్ల సందుల్లో పటపటమంటున్నాయి. ఎవరమూ చెయ్యి తీయలేదు.